అబ్బా పానా

"మీవాళ్లకి ఈ పని పుట్టుకతోనే వస్తుంది కదండీ, మీకెంతసేపు!" అన్నాడు మా పక్కింటాయన, ప్రహరీగోడ మీద మోచేతులు ఆనించి.

అప్పటికి నేను అబ్బా అంబాసిడర్ ముందు ఇటుక మీద కూర్చొని రెండో రోజు. రేడియేటర్ విప్పి పక్కన పెట్టాను. కుడిచేతి కణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి. ఇంజిన్ ముందు భాగంలో, ఫ్యాన్ బెల్టు నడిచే పుల్లీని పట్టి ఉంచే పెద్ద నట్టు ఒకటుంటుంది. దాన్ని విప్పాలి. విప్పితే పుల్లీ వస్తుంది, పుల్లీ వస్తే దాని వెనక మూత, ఆ మూతలో నలభై ఏళ్లకి ఎండి గట్టిపడిన ఆయిల్ సీలు. ఆ సీలు మారిస్తే ఇంటి ముందు బండల మీద నల్లటి నూనె మరక పడటం ఆగుతుంది. ఇంతే పని. ఇంత చిన్న పనికి రెండు రోజులు.

పక్కింటాయన మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పాలి. రంజాన్‌కి మా ఇంటి షీర్‌ఖుర్మా అడిగి మరీ తాగుతాడు. అమ్మీకి గుండెనొప్పి వచ్చిన రాత్రి రెండింటికి తన కారు తీసింది ఆయనే. నన్ను పొగిడాననే అనుకున్నాడు. నేనూ నవ్వాను. మా కౌమ్ పుట్టుకతో ఏం తెచ్చుకుందో నాకు తెలియదుగానీ, నట్టు మాత్రం కదల్లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చేతినొప్పి కొంత, ఆ మాట కొంత.

"పుట్టుకతోనే." నిజమేనా? మా దాదా మోటారు బండి బానెట్ ఎప్పుడూ ఎత్తి చూడలేదు. ఆయన నిజాం సర్కారులో ముహర్రిర్. అంటే గుమాస్తా. ఉర్దూలో దస్తావేజులు రాసేవాడు. ఇంట్లో ఆయన కలందాన్ ఇప్పటికీ ఉంది, సిరా ఎండిపోయిన గాజు బుడ్డితో సహా. 1948 సెప్టెంబర్‌లో అయిదు రోజుల పోలీస్ యాక్షన్ ముగిసింది. మా ఇంట్లో అది ముగియడానికి చాలా ఏళ్లు పట్టింది. దాదా నౌకరీ పోయింది. ఉర్దూ మీద బతికినవాడికి ఉర్దూ అక్కర్లేని కాలం వచ్చింది. ఉర్దూ మాధ్యమంలో చదువు చెప్పడానికి 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయమే మాధ్యమం మార్చుకుంది. ఒక మామూలు ముహర్రిర్‌ని ఎవరు పట్టించుకుంటారు? అబ్బా నాలుగో తరగతితో బడి మానేసి, పదేళ్ల వయసులో వరంగల్ మండీబజార్ వైపు ఒక షెడ్డులో చేరాడు. మొదటి ఆరు నెలలూ జీతం లేదు. పానాలు తుడవడం, చాయ్ తేవడం, ఉస్తాద్ చేతి దెబ్బలు తినడం. అదే చదువు, అదే ఫీజు.

అంటే మా ఇంట్లో మెకానిక్ పని ఒక్క తరానిది. మా దాదా చేతిలో కలం, మా అబ్బా చేతిలో పానా, నా చేతిలో మళ్లీ కలం. రక్తంలో ఉందనుకునే ఆ పని మా రక్తంలోకి 1955లో వచ్చింది. మీరు జాతి లక్షణం అనుకునేది మా చరిత్ర. అదీ నిన్నమొన్నటి చరిత్ర.

ఈ జవాబు పక్కింటాయనకి చెప్పొచ్చు. చెప్పి గెలవొచ్చు కూడా. కానీ ఆ రాత్రి నన్ను పట్టుకున్న సంగతి వేరు. "మీవాళ్లకి" అనే మాటకి నేనెందుకు నొచ్చుకున్నాను? "మీవాళ్లకి కవిత్వం పుట్టుకతోనే వస్తుంది" అంటే నొచ్చుకునేవాణ్ణా? ముషాయిరా తర్వాత ఎంతోమంది అన్నారు ఆ మాట. అదీ అంతే తప్పు. ముస్లిం ఇళ్లలో పుట్టినవాళ్లంతా గజల్ చెప్పరు. అయినా విన్నప్పుడల్లా మురిసిపోయాను. అంటే నన్ను గుచ్చింది జాతి అంతటినీ ఒకే గాటన కట్టడం కాదు. ఏ గాట కట్టారన్నది గుచ్చింది. కవి అంటే ఇజ్జత్. మిస్త్రీ అంటే?

1996లో డిగ్రీ కాలేజీ దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అని ఒక గడి ఉంది. నేను అందులో 'వ్యాపారం' అని రాశాను. దాని మీద అబ్బాయే సంతకం పెట్టాడు. ఇక్కడ అబ్బాయి అంటే కొడుకు కాదు, మా అబ్బాయే, మా నాన్నే. తెలుగు నాతో ఇలాంటి ఆటలు చాలా ఆడుతుంది. ఆయనకి తెలుగు చదవడం రాదు. ఏం రాశావని అడగలేదు. గోటి సందుల్లో నలుపు పోని వేళ్లతో, కాగితం మీద మరక పడకుండా ఎంత జాగ్రత్తగా పట్టుకున్నాడో నాకిప్పటికీ కనిపిస్తుంది.

*

నట్టు దగ్గరికి వస్తాను. బిగిసిన నట్టు సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. నాకూ ఈమధ్యే తెలిసింది.

ఒక నట్టును బిగించడానికి మనం పెట్టే బలంలో పదోవంతు మాత్రమే అసలు పనికి, అంటే రెండు వస్తువుల్ని ఒకదానికొకటి నొక్కి పట్టుకోడానికి వెళ్తుంది. సుమారు సగం నట్టు ముఖం కింద రాపిడికి పోతుంది. మిగతాది మరల్లో రాపిడికి. ఆ తర్వాత ఏళ్ల తరబడి తుప్పు, మురికి, వేడెక్కడం, చల్లారడం. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉన్న సందునల్లా మూసేస్తుంది. కాబట్టి విప్పేటప్పుడు మన కొట్లాట బిగించిన చేతితో కాదు, దాని మీద పేరుకుపోయిన కాలంతో.

నేను ఆర్ట్స్ వాణ్ణి. అయినా మీట సూత్రం బడిలో చదివాను. అడుగు పొడుగు పానా చివర 40 కిలోల బరువు చేసే పనిని, నాలుగడుగుల పైపు చివర 10 కిలోలే చేస్తాయి. ఇక భయమేముంది? బోరింగు పైపు ముక్క ఒకటి సంపాదించాను. బండిని నాలుగో గేరులో వేసి, మా వాణ్ణి లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కమన్నాను, ఇంజిన్ తిరిగిపోకుండా. పైపు తగిలించి లాగాను. బండి ముందుకీ వెనక్కీ ఊగింది. పైపు వంగింది. నట్టు కదల్లేదు. ఇంకోసారి లాగితే పానా జారి నా చెయ్యి రేడియేటర్ చట్రానికి కొట్టుకుంది.

పానా ఎందుకు జారిందో తర్వాత తెలిసింది. నేను బజారులో కొన్నది మిల్లీమీటర్ల సెట్టు. ఈ ఇంజిన్ బ్రిటిష్‌వాళ్ల బీఎంసీ నమూనా, 1489 సీసీ. దాని నట్లన్నీ ఇంచుల లెక్క. దగ్గర దగ్గర సైజు పట్టినట్టే ఉంటుంది, బలం పెట్టేసరికి మూలలు అరగదీసి జారుతుంది. దగ్గరగా ఉండటం సరిపోవడం కాదు. రెండు భాషల్లో బతికేవాడికి ఈ సంగతి ఎప్పుడో తెలిసి ఉండాల్సింది. ఉర్దూ 'తహజీబ్'ని తెలుగులో 'సంస్కృతి' అని రాసినప్పుడల్లా నేను చేసేది అదే పని.

రాత్రంతా కిరసనాయిలులో నాననిచ్చాను. రెండో రోజు అబ్బా పాత డబ్బా వెతికి, సరిగ్గా ఆ నట్టుకే సరిపోయే పెద్ద రింగు పానా తీశాను. పట్టుకునేచోట దాని అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. ఇంకా పొడుగు పైపు తెచ్చాను. అదీ కాలేదు. అప్పుడే పక్కింటాయన వచ్చి ఆ మాట అన్నది.

ఇంట్లో మిస్త్రీ పుట్టి, బతికి, పోయాక, ఆయన కొడుకు ఆయన బండికి ఆయన పానాతో ఆయన పని చేయలేకపోతున్నాడు. ఎందుకంటే ఆయనే నన్ను షెడ్డు గడప తొక్కనివ్వలేదు. సెలవుల్లో వెళ్లి ఏదైనా ముట్టుకుంటే, "పానా నక్కో, ఖలం పకడ్ రే!" అని అరిచేవాడు. పానా వద్దు, కలం పట్టుకో అని. ఒకసారి చెంప మీద కొట్టాడు కూడా. నా బుగ్గ మీద గ్రీజు అచ్చు చూసి అమ్మీ ఏడ్చింది. ఆయన మాత్రం, "పడనీ, ఆ మరక ఇప్పుడు పడితే తర్వాత పడదు" అన్నాడు.

*

పత్రికలో నా పని ఎక్కువగా డెస్కులోనే. 2006 నవంబర్‌లో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు దాని ముఖ్యాంశాల్ని తెలుగు చేసినవాళ్లలో నేనొకణ్ణి. 2001 జనాభా లెక్కల్లో దేశం సగటు అక్షరాస్యత 64.8 శాతం, ముస్లింలలో 59.1. నెల జీతం వచ్చే కొలువుల్లో మనవాళ్లు తక్కువ, సొంతంగా చేసుకునే చిన్నచిన్న పనుల్లో ఎక్కువ. బీడీలు, నేత, బట్టలకి అద్దకం, మోటారు రిపేర్లు. 'స్వయం ఉపాధి' అని అనువాదం చేశాను. చాలా గౌరవంగా వినిపిస్తుంది ఆ మాట. ఆ పట్టికలో ఎక్కడో ఒక అంకెలో మా అబ్బా ఉన్నాడు, ఎండాకాలం రేకుల షెడ్డు కింద, లారీ కింద వెల్లకిలా పడుకొని, కళ్లలో రాలే తుప్పు తుడుచుకుంటూ. స్వయం ఉపాధి!

ఆ నివేదిక మీద రాసిన వ్యాసాల్లో నేనూ అడిగాను: మా పిల్లలు ఎంతకాలం పంక్చర్లు వేయాలి? మీలో చాలామంది అదే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్నలో పంక్చర్ వేసేవాడి మొహాన ఏం పడుతోందో ఎవరైనా చూశారా? నేను చూడలేదు. 'పంక్చర్లు వేసేవాళ్లు' అని ఇప్పుడు మమ్మల్ని తిట్టడానికే వాడుతున్నారు, ఫోన్లలో చూస్తున్నారు కదా. ఆ తిట్టు విని మండిపడతాం. అదే మాటని జాలిగా మేం రాసినప్పుడు? తిట్టేవాడూ జాలిపడేవాడూ ఒక్క విషయంలో ఏకమయ్యారు. ఆ పని నీచమని.

మావాళ్ల సంగతీ దాచను. ఇస్లాంలో ఎక్కువ తక్కువలు లేవంటాం. దావూద్ అలైహిస్సలాంకి అల్లా ఇనుముని మెత్తన చేశాడని ఖురాన్ చెబుతుంది. ఆయన తన చేతిపని సంపాదనే తిన్నాడనీ, చేతులతో సంపాదించిన తిండికి మించిన తిండి లేదనీ హదీసు. జుమ్మా ఖుత్బాల్లో ఎన్నిసార్లు విన్నామో! మా చెల్లెలికి ఒక మంచి సంబంధం వచ్చింది. వాళ్లు ఖాందానీలు. మర్యాదగా మాట్లాడారు, బిర్యానీ తిన్నారు, వెళ్లారు. తర్వాత మధ్యవర్తి చెప్పాడు: "లడ్కీ అచ్ఛీ హై, లేకిన్ బాప్ మిస్త్రీ హై." దావూద్ నబీ అయినా ఆ ఇంటికి వియ్యంకుడు కాలేకపోయేవాడు. 2007లో ఉమ్మడి రాష్ట్రం బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు ఆ జాబితా చదవండి. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, తురకకాశలు, హజ్జాములు. దూదేకులవాళ్లు అంతకుముందే బీసీ-బీలో ఉన్నారు. చేసే పనే పేరై, పేరే పుట్టుకై కూర్చున్న మనుషులు. ఈ దేశంలో పని మనిషికి ఎంత బిగుసుకుంటుందో మా మతం కూడా విప్పలేకపోయింది. కారు మెకానిక్కు ఆ జాబితాలో లేడు. మోటారు ఆలస్యంగా వచ్చింది, అంతే. ఇంకో రెండు మూడు తరాలు ఆగితే అదీ ఒక కులమయ్యేదేమో.

ఇంకోరకం కూడా ఉన్నారు, వాట్సాప్ సుల్తానులు. ఇంజిన్లో ఉండే క్రాంకు మొదట మనవాడే కట్టాడు, చూడండి అల్ జజరీ అని పంపుతారు. జజరీ గొప్పవాడే. 1206లో ఆయన రాసిన యంత్రాల పుస్తకంలో క్రాంకుతో నడిచే నీటి పంపు ఉంది. ఆ పుస్తకం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఈ సందేశం పంపే పెద్దమనిషి తన బండి మెకానిక్‌ని 'అరే' అని పిలుస్తాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మిస్త్రీకి సలాం, ఎదురుగా ఉన్న మిస్త్రీకి అరే!

*

మూడో రోజు పొద్దున, ఇజ్జత్ పక్కన పెట్టి, అబ్బా శాగిర్ద్‌కి ఫోన్ చేశాను. అరవై దాటిన మనిషి. కమ్మరివాళ్ల ఇంట్లో పుట్టాడు. "మా నాయన కొలిమి ఆరిపోయినంక ఉస్తాద్ తాన చేరిన" అంటాడు ఎప్పుడూ. మా వంటివాళ్ల సంగతే మాట్లాడుతూ ఉంటే మర్చిపోతాం, కులవృత్తి చల్లారి షెడ్డులోకి వచ్చినవాళ్లు అన్ని వైపులా ఉన్నారు. ఆయన నోట పనిముట్ల పేర్లన్నీ మా అబ్బావే: పానా, హథోడా, ఛేనీ, పేచ్‌కస్. మా అబ్బా నోట తిట్లన్నీ ఈయనవి, అచ్చ తెలుగువి.

వచ్చాడు. పైపు చూశాడు. నా చెయ్యి చూశాడు. "ఇంకింత పొడుగు పైపు తెస్తుంటివి, నువ్వు దవాఖానల ఉంటుంటివి భాయ్" అన్నాడు.

పానా ముట్టుకోలేదు. ముందు అడిగింది పాత గుడ్డ, కిరసనాయిలు. నట్టు చుట్టూ పేరుకుపోయిన గ్రీజు, మట్టి, పేచ్‌కస్‌తో గీకి గీకి తీశాడు. పావుగంట అదే పని. నాకు విసుగొచ్చింది. అప్పుడు చూపించాడు. నట్టు కింద ఒక పల్చటి రేకు, దాని అంచు పైకి వంచి నట్టు చదునుకి ఆనించి ఉంది. తిరిగిపోకుండా వేసే తాళం అది. రెండు రోజులుగా నేను తాళం తీయకుండా తలుపు గుద్దుతున్నాను.

"రేకు నీ బలానికి చిరుగుతుండె, అది పెద్ద సంగతి కాదు. కానీ ముందుగాల చూడాలె గద" అన్నాడు. ఛేనీతో మెల్లగా తట్టి దాన్ని వంచేశాడు.

తర్వాత మా వాణ్ణి బ్రేకు మీంచి లేపేశాడు. గేరులో వేసి బ్రేకు తొక్కితే మన బలం నట్టుదాకా పోదట. మధ్యలో గేర్లు, టైర్లు, స్ప్రింగులు కొంచెం కొంచెంగా తాగేస్తాయి. స్టార్టర్ మోటారు విప్పి, ఆ సందులోంచి ఫ్లైవీల్ పళ్లకి ఒక ఇనుప ముక్క అడ్డం పెట్టాడు. పానా నట్టుకి పూర్తిగా దిగేలా కూర్చోబెట్టాడు. పైపు తీసి అవతల పారేశాడు. హథోడా తీసుకొని పానా చివర టక్కున ఒకటి కొట్టాడు. రెండోది. మూడోది. నాలుగో దెబ్బకి శబ్దం మారింది. మా వాడు నాకంటే ముందు విన్నాడు. "ఢీలా హో గయా!" అన్నాడు.

నెమ్మదిగా లాగే బలం అంతా పైపు వంచడానికీ బండి ఊపడానికీ ఖర్చవుతుంది. దెబ్బ క్షణంలో పడుతుంది, ఇంకెటూ పోయే వ్యవధి దానికి ఉండదు. బరువైన ఫ్లైవీల్ కదలాలని అనుకునేలోపే నట్టు కదిలిపోతుంది. ఈ వివరణ నాది. ఆయన్ని అడిగితే, "గట్లనే కొట్టాలె" అన్నాడు.

గిల్బర్ట్ రైల్ అని ఒక ఇంగ్లీషు తత్వవేత్త, 1949లో వచ్చిన పుస్తకంలో, ఒక సంగతి తెలిసి ఉండటం వేరు, పని చేయడం తెలిసి ఉండటం వేరు అన్నాడు. రెండోది మొదటిదాని చిన్న తమ్ముడు కాదనీ వాదించాడు. ఎంఏలో కొన్నాళ్లు ఆ పుస్తకం మోశాను. ఆయనకంటే ఆరువందల ఏళ్ల ముందు, 1377లో, ఇబ్న్ ఖల్దూన్ తన ముఖద్దిమాలో చేతిపనిని 'మలకా' అన్నాడు. మళ్లీ మళ్లీ చేయగా చేయగా మనిషిలో కుదురుకుని రంగులా పట్టే గుణం. వినిపించి నేర్పేదానికంటే ఎదురుగా చేసి చూపేదే పూర్తిగా దిగుతుందని కూడా అన్నాడు. ఉర్దూలో ఈ మాట ఇప్పటికీ ఉంది. ఫలానా ఆయనకి షాయిరీలో మలకా ఉంది అంటాం. మిస్త్రీకి పానాలో మలకా ఉంది అని ఎవరూ అనగా నేను వినలేదు. మాట ఒకచోటికి చేరి అక్కడే బిగుసుకుపోయింది.

అన్న పుల్లీ లాగుతూ ఇంకో సంగతి చెప్పాడు. ఈ నట్టుకి ముందు వైపు రెండు కొమ్ముల్లాంటి గాళ్లు ఉంటాయి. హ్యాండిల్ కొట్టి బండి స్టార్ట్ చేసేటప్పుడు హ్యాండిల్ పిన్ను పట్టుకునేది వాటినే. హ్యాండిల్ తిరిగేది నట్టు బిగిసే వైపే. "ఉస్తాద్‌కు సెల్ఫ్ మీద నమ్మకం లేకుండె. రోజు పొద్దుగాల హ్యాండిలే. గట్లనే గింత బిగిసింది."

అంటే ఆ నట్టుని బిగించింది అబ్బాయే. రోజూ, బండి నడవడానికే.

నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. 'పానా నక్కో' అని ఆయన రోజూ అన్నదీ ఇల్లు నడవడానికే. నన్ను కొట్టింది ఆ పనిని అసహ్యించుకొనా? కాదని ఇప్పుడు నమ్ముతున్నాను. బాగుచేసిన లారీ రోడ్డెక్కుతుంటే, చప్పుడు చెవి దాటేదాకా వింటూ నిలబడేవాడు. అది అసహ్యించుకునే మనిషి నిలబడే తీరు కాదు. ఆయనకి నచ్చనిది పని కాదు. ఆ పని తప్ప ఇంకేదీ లేకపోవడం. పదేళ్లవాడు బడి మానేసి షెడ్డుకి రావడం. కానీ అంత వివరంగా చెంపదెబ్బ చెప్పలేదు. నా బుగ్గ మీద అచ్చుపడింది ఒకటే: గ్రీజు అంటే సిగ్గు.

2007 మే నెలలో మక్కా మసీదులో బాంబు పేలిన తర్వాత హైదరాబాద్‌లో ఒక మెకానిక్ కుర్రాణ్ణి కలిశాను. సాయంత్రం పనిముట్ల సంచీ షెడ్డులోనే వదిలేసి ఇంటికి వెళ్తున్నాడు. సంచీలో వైరు, బ్యాటరీ క్లిప్పులు ఉంటాయి, దారిలో ఆపితే ఏం చెప్పాలి భాయ్ అన్నాడు. పొట్ట నింపే వస్తువే సాక్ష్యం కాగల రోజులవి. దాని మీద మంచి కథనం రాశాను. మెచ్చుకున్నారు. ఆ సంచీలో ఉన్న వస్తువుల్లో సగం పేర్లు నాకు తెలియవు. అడిగి రాసుకున్నాను, మిస్త్రీ కొడుకుని.

*

ఇప్పుడు అసలు సంగతి. ఇదంతా ఎందుకు చెబుతున్నానో దాచిపెడితే మోసం.

మా వాడికి పద్దెనిమిది. ఇంటర్ పాసయ్యాడు. మంచి మార్కులు కావు, చెడ్డవీ కావు. ఇంజనీరింగ్ సీటు ఏదో ఒకటి వస్తుంది. వాడికి అక్కర్లేదు. మిస్త్రీ దగ్గర పని నేర్చుకుంటానంటాడు. ఇంజనీరింగ్ చదివి ఆ పనే చేయొచ్చు కదా అంటే, "వాళ్లు విప్పరు పప్పా, విప్పించుకుంటారు" అన్నాడు. నట్టు వంకతో బండి ముందు కూర్చున్నది నా ముచ్చట కోసం అనుకున్నారా? వాడికి చూపించాలనుకున్నాను, ఇది ఎంత కష్టమో, ఎంత మురికో. చూస్తే వదిలేస్తాడనుకున్నాను.

శ్రమ గౌరవం మీద ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను. మేడే నాడు తప్పకుండా. ఇప్పుడు నా ముందు నిలబడ్డ ప్రశ్న చాలా చిన్నది. వద్దంటే ఆ ఖాందానీల ఇంటి తీర్పు మీద నేనూ సంతకం పెట్టినట్టే. పక్కింటాయన మాటకి నొచ్చుకున్న నొప్పి నిజంగా ఇదేనని ఒప్పుకున్నట్టే. వెళ్లమంటే? "చూశావా, ఎంత చదివించినా చివరికి వాళ్ల పనికే వెళ్లారు" అనే లోకానికి నా కొడుకుని రుజువుగా ఇచ్చినట్టు. సచార్ పట్టికలో ఇంకొక్క అంకె కలిపినట్టు. ఒక జాట్ల కుర్రాడో, ఒక బ్రాహ్మణ కుర్రాడో కాలేజీ వదిలి గ్యారేజీ పెడితే పత్రికలు ఫొటో వేస్తాయి, అభిరుచి అంటాయి. మా వాడు వెళ్తే ఎవడూ ఆగి చూడడు. ఇష్టపడి వెళ్లినవాడికీ గతిలేక వెళ్లినవాడికీ మా విషయంలో బయటివాళ్లకి తేడా కనిపించదు. మైనారిటీ అంటే సంఖ్య తక్కువ అని మాత్రమే అర్థం కాదు. ఒక్కడు ఒక్కడిగా ఏదీ ఎంచుకోలేకపోవడం కూడా. ప్రతి పనికీ కౌమ్ మొత్తం జవాబు చెప్పాలి.

అయితే ఆ లెక్క వాడు ఎందుకు మోయాలి? కౌమ్ ఇజ్జత్ కోసం ఇష్టంలేని చదువు చదవమంటే, అది 1955లో ఇష్టం ఎవరూ అడగకుండా అబ్బాని షెడ్డులో వేసినదానికి ఎంత దూరం? దిశ మారింది, బిగింపు మారలేదు. ఇలా అనుకుంటాను. మళ్లీ అబ్బా కళ్లలో రాలిన తుప్పు గుర్తొస్తుంది. అరవై ఏళ్లకే మోకాళ్లు వంగని మనిషి కూర్చొని నమాజ్ చేయడం గుర్తొస్తుంది. ఇష్టపడి వెళ్లినవాడి మోకాళ్లు మాత్రం అరగవా? పింఛనుందా, బీమా ఉందా? శ్రమని గౌరవించడమంటే దాని గురించి మంచిగా మాట్లాడటమా, అది చేసేవాడి మోకాళ్ల సంగతి చూడటమా? రెండోది జరగనిదే మొదటిది ఎన్ని మేడేలు రాసినా ఖాళీ డబ్బా మోతే. ఇది మాత్రం నాకు గట్టిగా తెలుసు. మిగతా విషయాల్లో నాకు నా మీదే నమ్మకం లేదు.

సాయంత్రానికి కొత్త సీలు వేసి పుల్లీ ఎక్కించాం. నట్టు బిగించాక, కొత్త తాళం రేకు వంచే పని అన్న మా వాడికిచ్చాడు. వాడు ఛేనీ పట్టుకున్న తీరు తప్పని ఆయన చెయ్యి మీద చెయ్యేసి సరిచేశాడు. కొట్టలేదు. "మీ ఉస్తాద్ అయితే కొట్టేవాడు కదా?" అన్నాను. "కొట్టేటోడు. మస్తు కొట్టిండు" అని నవ్వాడు. "నేనైతే ఎవ్వల్ని కొట్టలే. కొట్టకున్నా వస్తది పని."

పక్కింటాయన మళ్లీ గోడ దగ్గరికి వచ్చాడు. "చెప్పానా!" అన్నాడు సంతోషంగా. నేను ఆయన్ని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, అన్నని చూపించాను. ఈయన కమ్మరోళ్లింటి ఆయన, నట్టు విప్పింది ఈయన, నాకు రాలేదు అని చెప్పాను. మా దాదా ముహర్రిర్ సంగతీ చెప్పాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల తాత సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. చాయ్ రెండుసార్లు వచ్చింది.

చేతులు ముందు కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో కడుక్కోవాలని మా వాడికి నేనే చెప్పాను. షెడ్డులో నేను నేర్చుకున్నది అదొక్కటే. వెళ్లేటప్పుడు అన్న స్కూటర్ మీద కూర్చొని, "ఆదివారం ఖాళీగుంటే పంపు భాయ్" అన్నాడు, నా వైపు చూడకుండా.

రెండు ఆదివారాలు వెళ్లొచ్చాడు. కౌన్సెలింగ్‌కి ఇంకా పన్నెండు రోజులుంది. ఫారంలో తాత వృత్తి ఎవరూ అడగరు, తండ్రిది అడుగుతారు. 'జర్నలిస్టు' అని వాడే రాసి పెట్టుకున్నాడు. సంతకం చేయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఫారం, అబ్బా పానా ఒకే బల్ల మీద ఉన్నాయి. మా ఆవిడ తుడిచినప్పుడల్లా రెండింటినీ ఎత్తి, మళ్లీ అక్కడే పెడుతోంది.